దొరికిన ఫోన్ ఒక్క రాత్రి మనింట్ల ఉంటే ఏమైతది

ఇయ్యాల పంట ముచ్చట కాదు, రేటు ముచ్చట కూడా కాదు. ఫోన్ ముచ్చట. దొరికిన ఫోన్ తిరిగి ఇచ్చుడు గురించి. "ఇందుల రాసేదేముంది, దొరికితే ఇచ్చేయాలె, అంతే గదా" అని మీరు అనొచ్చు. నేను కూడా అట్లనే అనుకునేటోణ్ణి, మా ఇంట్లకు వేరేటోళ్ల ఫోన్ వచ్చేదాకా.

ఇది రాయడానికి ఒక కారణం ఉంది. పోయిన మార్చిల మా ఊరి వాట్సాప్ గ్రూపుల మా పోరగాళ్లు నా ఫొటో పెట్టిన్రు. "దొరికిన ఫోన్ అప్పగించి నిజాయితీ చాటుకున్న రైతు" అని కింద రాసిన్రు. పేపర్లల్ల వస్తది చూడుండ్రి, అట్లనే. దండాలు, చప్పట్ల బొమ్మలు ఒక డెబ్బై దాకా వచ్చినయి. మా బావ హైదరాబాదు నుంచి ఫోన్ చేసి మెచ్చుకున్నడు. నేను ఎవరికీ ఏం చెప్పలే. కాని ఆ ఫొటో సగమే నిజం. మిగిలిన సగం ఇప్పుడు రాస్తున్న.

ఆ రోజు మేము ఎనుమాముల మార్కెట్‌కు 22 బస్తాల తేజ మిర్చి వేసుకొని పోయినం. రాత్రే యార్డుల దించుకొని, బస్తాల మీదనే పండుకున్నం. పొద్దుగాల జెండా పాట చూస్తే మంచిగనే ఉంది. జెండా పాట ఎవలో ఒక్కలకు వస్తది, మిగిలినోళ్ల లాటుకు వచ్చేసరికి ఎంత దిగుతదో మిర్చి పండించినోళ్లకు నేను చెప్పే పని లేదు. మాకు కూడా దిగింది. కాంటా అయ్యి, తక్‌పట్టీ చేతికొచ్చేసరికి సాయంత్రం ఐదు దాటింది. మా పెద్దోడు ఇంటర్ రెండో సంవత్సరం, పరీక్షలు అయిపోయినయని నాతోటి వచ్చిండు. వాడు పరదా మడత పెడుతుంటే బస్తాల సందున ఫోన్ దొరికింది. అప్పుడు నాకు చెప్పలే. జేబుల పెట్టుకున్నడు.

ఇంటికొచ్చి బువ్వ తినేటప్పుడు మోగింది. అది మా ఇంట్ల ఎవలి రింగూ కాదు. వాడు గబుక్కున సైలెంట్ చేసిండు. ఏందిరా అంటే చూపించిండు. కొత్త ఫోనే. ఇరవై వేల దాకా ఉంటది బాపూ అన్నడు. "నేను దొంగతనం చెయ్యలే, నాకు దొరికింది" అన్నడు. ఆ మాట మీరు యాది పెట్టుకోండ్రి, మళ్ల ఆ మాట కాడికి వస్త.

మా ఇంటామె అన్నది, "ఎవలిదో పాపం, ఎత్తి మాట్లాడరాదు" అని. నేనేమన్ననో తెలుసా? "ఇప్పుడు ఎత్తితే నువ్వెవరు, యాడున్నవు, నీ దగ్గరికి ఎట్ల వచ్చింది అని వంద అడుగుతరు. పొద్దుగాల చూద్దాం తియ్యి" అన్న. ఆ రోజు రేటు మీద మనసు బాగలేదు, పానం అలిసి ఉన్నది, అవన్నీ నిజమే. కాని ఇంకోటి కూడా ఉంది. మావోడు ఏడాది నుంచి ఫోన్ కావాలని అడుగుతున్నడు. మిర్చి అమ్మినంక చూద్దాం అని నేనే చెప్పిన. మిర్చి పైసలు చేతిల పడ్డంక లెక్క చూస్తే మందుల దుకాణం బాకీకి, కూలీలకే సరిపోయేటట్టున్నయి. అటువంటి రాత్రి ఇరవై వేల ఫోన్ పళ్లెం పక్కన వచ్చి పడ్డది. ఉంచుకుందాం అని నేను నోటితోటి అనలే. ఇచ్చేద్దాం అని కూడా అనలే. అది మల్ల మోగింది, మల్ల మోగింది. మావోడు స్విచ్ఛాఫ్ చేసిండు. నేను చూసిన. చూసి ఏం అనలే. నిద్ర పోయిన.

తెల్లారి కరెంటు వచ్చిందని బాయి కాడికి పోయిన. పన్నెండింటికి ఇంటికొస్తే మా ఇంటామె ఆ ఫోన్ తెచ్చి నా ముందల పెట్టింది. మాట్లాడలే. ఆన్ చేసినం. ఒక గంట చూసినం. ఒక్క ఫోన్ రాలే. పైన చూస్తే సిగ్నలే లేదు, ఎమర్జెన్సీ కాల్స్ మాత్రమే అని చూపిస్తున్నది. లాకు ఉన్నది గనుక లోపల చూసే తొవ్వ లేదు. మావోడే చెప్పిండు, "వాళ్లు కొత్త సిమ్ము తీసుకున్నట్టున్నరు బాపూ, గిది చచ్చిపోయింది" అని. అంటే నిన్న రాత్రి ఆ మనిషి మన చేతికి అందేటంత దగ్గర ఉండే, వేలు పెట్టి ఎత్తితే అయిపోవు. ఇప్పుడు ఫోన్ మన చేతిల ఉన్నది, మనిషి దొరుకుతలేడు.

ఇద్దరం బండి మీద మార్కెట్‌కు పోయినం. హమాలీలను అడిగితే ఒకాయన వెంటనే అన్నడు, "ఆ ట్రాలీ పిలగాడా? రాత్రి పన్నెండు దాకా ఎవల్దో ఫోన్ అడుక్కొని లైటు పట్టుకొని బస్తాల సందుల తిరిగిండు గదా" అని. వేరే ట్రాలీ ఆటోల వాళ్ల దగ్గర నంబరు పట్టి ఫోన్ కొట్టిచ్చిండు. అరగంటల వచ్చిండు. ముప్పై ఏండ్లు కూడా ఉండవు. నర్సంపేట దిక్కు పిలగాడు. ఊర్లల్ల మిర్చి, పత్తి లోడు ఎత్తుకొని మార్కెట్‌కు తెస్తడట.

ఫోన్ ఇచ్చిన. వేలు పెట్టి గీత గీసిండు, తెరుచుకున్నది. ఫోన్‌కు గీతలు పడ్డయా, అద్దం పగిలిందా, అవేమీ చూడలే. పైన మూలకు చూసిండు. చార్జింగ్ 61 శాతం ఉన్నది. నా మొఖం చూసిండు, మా పోరని మొఖం చూసిండు. "రాత్రి ఏడెనిమిది సార్లు మోగి ఆగిపోయింది అన్నా. చార్జింగ్ అయిపోయిందేమో అనుకున్న" అన్నడు. ఇంకేం అనలే.

తిట్టినా బాగుండు.

చాయ తాగుకుంట చెప్పిండు. ఆ తెల్లారి నాలుగింటికి ఒక రైతు చేను కాడికి లోడుకు పోవాల్నట. కొత్త రైతు, చేను ఎక్కడనో తెల్వదు, లొకేషన్ వాట్సాప్‌ల పంపిండట. నంబరు ఫోన్‌లనే ఉంది. ఆ రైతు మిర్చి కట్టుకొని చీకట్ల కూసొని, ఈయనకు ఫోన్ కొట్టీ కొట్టీ, వేరే బండి పిలుచుకున్నడు. పొద్దుగాల పదింటి దాకా డూప్లికేట్ సిమ్ము కోసం దుకాణం ముందల నిలబడ్డడు. సిమ్ము వచ్చింది గాని కొత్త సిమ్ము తీసుకున్న తర్వాత 24 గంటల దాకా ఎస్సెమ్మెస్‌లు రావు, మోసాలు ఆపడానికి పెట్టిన నిబంధన అది. ఎస్సెమ్మెస్ రాకుంటే ఓటీపీ రాదు, ఓటీపీ రాకుంటే వేరే ఫోన్‌ల ఫోన్‌పే తెరుచుకోదు, కిరాయి పైసలు అన్నీ దానిలనే. డీజిల్‌కు దోస్తు దగ్గర ఐదొందలు చేబదులు తీసుకున్నడు. "ఒక్క కిరాయి పోతే పోయింది అన్నా. ఆ రైతు నన్ను మాట తప్పినోడు అనుకుంటడు గదా" అన్నడు.

పోయేటప్పుడు మావోని జేబుల ఐదొందలు పెట్టబోయిండు. మావోడు తీసుకోలే. తల కూడా ఎత్తలే.

గిదీ సంగతి. ఇప్పుడు చెప్పుండ్రి, నేను ఫోన్ తిరిగి ఇచ్చిన్నా? వస్తువైతే ఇచ్చిన. కాని ఆయనకు కావాల్సింది ఆ రాత్రి. ఆ రాత్రి నేను నా దగ్గరే ఉంచుకున్న.

నా అభిప్రాయం సూటిగ చెప్తా. దొరికిన ఫోన్‌ను స్విచ్ఛాఫ్ చేసుడు అంటే సగం దొంగతనం చేసినట్టే. రేపు ఇద్దాం అని మనసుల ఉన్నా సరే. ఎందుకంటే ఫోన్ ఉంగరం లాంటిది కాదు, చెవి కమ్మ లాంటిది కాదు. ఉంగరం నెల తర్వాత ఇచ్చినా ఉంగరమే. ఫోన్ గంట గంటకు ఖరీదు మారుతది. పోగొట్టుకున్నోనికి మొదటి రెండు మూడు గంటలు బంగారం. తర్వాత సిమ్ము బ్లాక్ చేయించుడు, బ్యాంకుకు చెప్పుడు, స్టేషన్ల దరఖాస్తు ఇచ్చుడు మొదలైతయి. ఆ తర్వాత మనం ఫోన్ ఇచ్చినా ఆ తిప్పలు ఆయనకు తప్పవు.

రైతులకు ఈ సంగతి ఇంకా ఎక్కువ తెల్వాలె. మన బతుకు ఎప్పుడు ఫోన్లకు పోయిందో మనకే తెల్వదు. పీఎం కిసాన్‌కు ఈకేవైసీ అంటే ఆధార్‌కు కలిపిన నంబరుకు ఓటీపీ. 2025ల పత్తి సీసీఐకి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌ల పేరు నమోదు చేసుకోవాలె, స్లాట్ బుక్ చేసుకోవాలె. అది మంచిదా చెడ్డదా అనేది వేరే ముచ్చట, దాని మీద నాకు శానా కోపం ఉంది, ఇంకోసారి రాస్త. కాని ఇప్పుడైతే స్లాట్ ఉన్న రోజు ఒక రైతు ఫోన్ పోతే ఏమైతదో ఆలోచించుండ్రి. పత్తి బండి ఎక్కి ఉంటది, ఫోన్ మనసుంటోళ్ల ఇంట్ల అల్మారిల స్విచ్ఛాఫ్ అయ్యి ఉంటది.

మళ్ల మావోని మాట కాడికి వద్దాం. "నేను దొంగతనం చెయ్యలే, నాకు దొరికింది." ఈ మాట పోరగాళ్లే అనరు, పెద్దోళ్లం కూడా అంటం. మా నాయిన కాలంల అయితే ఈ మాట ఎవలన్నా అంటే నవ్వేటోళ్లు. తప్పిపోయిన ఎద్దు మన చేన్ల పడ్డది అనుకోండ్రి. నాకు దొరికింది, ఇగ నాదే అని ఎవడన్నా నాగలికి కడుతడా? కడితే ఊరు ఊకుంటదా? కట్టేసి గడ్డి వేసి, నీళ్లు పెట్టి, పక్కూరికి కబురు పంపేటోళ్లు. పంట మేసిందని కోపముంటే బందెల దొడ్డికి తోలేటోళ్లు. బందె కట్టి ఎద్దు ఆసామి తోలుకపోయేటోడు. మేసిన పంటకు తగాదా అయ్యేది, తిట్టుకునేటోళ్లు, కాని ఎద్దు ఎవలిదీ అన్న దాంట్ల మాత్రం తగాదా లేదు. ఆసామి వచ్చేదాకా దానికి గడ్డి వేసే బాధ్యత మనది, అంతే. గొర్ల మందల వేరేటోళ్ల పిల్ల కలిస్తే చెవి గుర్తు చూసి అప్పజెప్పే గొల్ల కుర్మోళ్లు ఇప్పటికీ ఉన్నరు. గొర్రెకు చెవి గుర్తున్నట్టే ఫోన్‌కు కూడా గుర్తు ఉన్నది. దాన్నే ఐఎంఈఐ అంటరు, 15 అంకెలు. రెండు సిమ్ముల ఫోన్‌కు రెండు నంబర్లు ఉంటయి.

మా మేనల్లుడు హన్మకొండ కోర్టుల వకీలు దగ్గర పని నేర్చుకుంటున్నడు. ఈ సంగతి చెప్తే వాడన్నది, ఇది బ్రిటిషోళ్ల కాలం నుంచి చట్టంల ఉన్నదట. 1872 నాటి కాంట్రాక్టు చట్టంల 71వ సెక్షన్, ఇంకొకరి వస్తువు దొరికి తన దగ్గర పెట్టుకున్నోనికి, నమ్మి అప్పజెప్పిన సొమ్మును కాపాడేటోనికి ఉన్నంత బాధ్యతే ఉంటది అంటది. క్రిమినల్ చట్టం కూడా ఉంది. ముందుగాల ఐపీసీ 403, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితల 314. కాపాడి ఇద్దామని తీసుకుంటే తప్పు కాదు. ఆసామి ఎవలో తెలిసి కూడా, లేకుంటే తెలుసుకునే తొవ్వ ఉండి కూడా, సొంతానికి వాడుకుంటే తప్పు. కొత్త చట్టంల ఆరు నెలలకు తక్కువ కాకుండ, రెండేండ్ల దాకా జైలు, జరిమానా కూడా. తెలుసుకునే తొవ్వ అంటే ఏంది మామా, మోగుతున్న ఫోన్ కంటే పెద్ద తొవ్వ ఏముంటది అన్నడు. నా దగ్గర జవాబు లేదు.

ఇంకో ముచ్చట విన్నంక నాకు చెమటలు పట్టినయి. ఇప్పుడు సీఈఐఆర్ అని కేంద్ర టెలికాం శాఖ పోర్టల్ ఉంది. 2019ల ముంబైల మొదలుపెట్టిన్రు, మన తెలంగాణల 2023 ఏప్రిల్‌ల, దేశమంతా ఆ మే నెలల వచ్చింది. ఫోన్ పోయినోడు స్టేషన్ల దరఖాస్తు ఇచ్చి, ఐఎంఈఐ నంబరు అందుల ఎక్కిస్తే ఆ ఫోన్ ఏ కంపెనీ సిమ్ముకూ పనిచెయ్యకుండ బ్లాక్ అయితది. ఎవలన్నా దాంట్ల వేరే సిమ్ము వేసిన్రనుకోండ్రి, ఏ నంబరు వేసిన్రో పోలీసులకు పోతది. వాళ్లు ఆ నంబరుకు ఫోన్ చేస్తరు. వరంగల్ కమిషనరేట్ల బల్లల మీద ఫోన్లు వరసగ పేర్చి పోగొట్టుకున్నోళ్లకు ఇచ్చే ఫొటోలు మీరు చూసే ఉంటరు. మంచి పనే, చేసినోళ్లకు దండం. కాని ఆ ఫొటో చూసినప్పుడు నాకు ఇప్పుడు ఇంకోటి కనపడుతది. ఆ బల్ల మీద ఉన్న ప్రతి ఫోన్‌ల ఎవలో ఒకలు తమ సిమ్ము వేసిన్రు. అందరూ దొంగలే అయ్యుంటరా? కారు. బస్టాండుల దొరికినోడు, ఆటోల దొరికినోడు, దోస్తు దగ్గర తక్కువకు వస్తుందని కొన్నోడు, కొడుకు ఎక్కడ్నించి తెచ్చిండో అడగని బాపు, వీళ్లే సగం మంది ఉంటరని నా అనుమానం. మావోడు ఆ రాత్రి తన సిమ్ము వేసి ఉంటే? ఆ సిమ్ము నా ఆధార్ మీద తీసుకున్నది. ఫోన్ వచ్చేది నాకే. నిజాయితీ చాటుకున్న రైతుకు.

పాత ఫోన్లు కొనేటోళ్లకు ఒక మాట. బిల్లు లేదు, డబ్బా లేదు, మూడు వేలకే ఇస్తా అంటే ఆశపడకుండ్రి. ఫోన్‌ల స్టార్ హ్యాష్ సున్న ఆరు హ్యాష్ కొడితే ఐఎంఈఐ వస్తది. కేవైఎం అని ఇంగ్లీషుల టైపు చేసి, ఒక ఖాళీ విడిచి, ఆ 15 అంకెలు వేసి 14422కు మెసేజ్ పంపుండ్రి. ఆ నంబరు బ్లాక్ లిస్టుల ఉన్నదా, దొంగ నంబరా అని తెలుస్తది. రేపు స్టేషన్ నుంచి ఫోన్ వస్తే ఫోన్ పోతది, మూడు వేలూ పోతయి, పరువు కూడా పోతది.

ఇగ భయం సంగతి. నేను ఎత్తకపోవడానికి ఆశ ఒక కారణమైతే భయం ఇంకో కారణం. ఇది ఒప్పుకోవాలె. పాత బట్టలేసుకున్న మనిషి చేతిల కొత్త ఫోన్ కనపడితే నువ్వే కొట్టేసినవు అనేటోళ్లు ఉన్నరు. ఇచ్చేటందుకు పోతే "ఇంకేం తీసినవు, కవర్ల పైసలుండే" అని నిలదీసినోళ్లు కూడా ఉన్నరు. మా ఊరి కూలీ ఆమెకు అట్లనే అయ్యింది, బస్సుల దొరికిన ఫోన్ ఇస్తే వెనుక కవర్ల రెండు వేలు పెట్టిన, ఏవి అన్నరట. ఆమె మళ్ల జన్మల ఎవలి వస్తువూ ముట్టను అన్నది. కనుక పోగొట్టుకున్నోళ్లు కూడా జర ఆలోచించాలె. అవతలోడు ఎత్తంగనే "ఎవడ్రా నువ్వు, నా ఫోన్ నీ దగ్గర ఎందుకుంది, పోలీసులకు చెప్త" అని మొదలుపెడితే, అటు దిక్కు ఉన్నోడు భయపడి పారేస్తడు. "అన్నా దండం, నా ఫోన్ దొరికిందా, యాడికి రమ్మంటవు" అంటే చాలు. నిజంగ దొంగే అయితే ఎట్లా ఎత్తడు. ఎత్తిండంటేనే ఇచ్చే మనసుంది అని అర్థం.

దొరికినోళ్లు ఏం చెయ్యాలె అంటే, నా తప్పు నుంచి నేర్చుకున్నది చెప్తా. ఆఫ్ చేయొద్దు, సైలెంట్ చేయొద్దు, సిమ్ము తీయొద్దు. చార్జింగ్ తక్కువుంటే పెట్టాలె, ఇప్పుడు ఒకటే పిన్ను చాలా ఫోన్లకు పడుతది. లాకు ఉన్నా వచ్చే ఫోన్ ఎత్తడానికి అడ్డం లేదు. ఎత్తినోళ్లతోటి చెప్పుండ్రి, ఇది ఫలానా చోట దొరికింది, ఆసామికి చెప్పుండ్రి, నేను ఇక్కడ ఉంట అని. మొదటి ఫోన్ చేసినోనికే ఇచ్చుడు కాదు, వచ్చినోని చేత లాకు తెరిపియ్యాలె. నలుగురున్న చోట, చాయ దుకాణం కాడనో, మార్కెట్ ఆఫీసు కాడనో ఇస్తే ఇద్దరికీ ధైర్యం. గంట రెండు గంటలు చూసినా ఎవలూ చెయ్యకపోతే దగ్గర ఉన్న స్టేషన్ల ఇచ్చి, ఇచ్చినట్టు కాయితం మీద రాయించుకోవాలె. బస్సుల దొరికితే కండక్టర్‌కు ఇచ్చుడు తప్పు కాదు, కాని మోగితే మాత్రం ముందు ఎత్తుండ్రి.

పైసలు అడగొచ్చా? దీని మీద మా దోస్తులల్ల పెద్ద వాదన అయ్యింది. నా మాట ఏందంటే, నర్సంపేట నుంచి వరంగల్ దాకా పోయి ఇచ్చినోడు పెట్రోలు పైసలు తీసుకుంటే తప్పేం లేదు. ఇచ్చేటోడు సంతోషంగ ఇస్తే తీసుకొని పిలగాళ్లకు మిఠాయి కొనుక్కపోవచ్చు. "ఐదు వేలు ఫోన్‌పే చేస్తేనే ఇస్త" అంటే అది బందె కాదు, బెదిరింపు. ఎద్దును కట్టేసినోడు గడ్డి ఖర్చు అడుగుతడు గాని ఎద్దు ఖరీదు అడగడు.

పోగొట్టుకునేటోళ్లం కూడా మనమే గనుక మన దిక్కు పని కూడా ఉంది. మేడారం జాతరల మైకుల తప్పిపోయిన పిల్లల పేర్లు చదువుతుంటే మీరు విన్నరు గదా. పిల్లల జేబుల పేరు, ఊరు రాసిన చీటి పెట్టి పంపుతం. ఫోన్‌కు ఎందుకు పెట్టం? లాకు వేసి ఉన్నా పైన కనపడేటట్టు ఒక లైను రాసుకునే ఏర్పాటు చాలా ఫోన్లల్ల ఉంది, సెట్టింగ్స్‌ల లాక్ స్క్రీన్ కాడ చూడుండ్రి. మన నంబరు కాదు, ఇంట్ల ఇంకొకల నంబరు రాయాలె. శానా మంది సొంత నంబరే రాసుకుంటరు, పోయిన ఫోన్‌కు అదే ఫోన్ నుంచి ఎట్ల చేస్తరో వాళ్లకే తెల్వాలె. ఐఎంఈఐ నంబరును పట్టాదారు పాసుపుస్తకం అట్ట లోపల రాసి పెట్టుకోండ్రి, పాసుపుస్తకాన్ని ఎట్లా పదిలంగ దాస్తరు గనుక. మా ట్రాలీ పిలగానికి ఆ నంబరు తెల్వదు, డబ్బా ఎప్పుడో పారేసిండు, అందుకే స్టేషన్‌కు పోవుడు కూడా సాయంత్రానికి వాయిదా వేసిండు. ఫోన్ పోయిందని తెల్వంగనే సిమ్ము బ్లాక్ చేయించుండ్రి, పైసలు పోయినట్టు మెసేజ్ వస్తే ఆలస్యం చేయకుండ 1930కి కొట్టుండ్రి. సీఈఐఆర్‌ల బ్లాక్ చేయించినంక ఫోన్ దొరికితే మళ్ల అందులనే అన్‌బ్లాక్ చేయించాలె, లేకుంటే చేతిల ఉన్నా అది ఇటుక పెల్లే.

మావోని సంగతి అడుగుతరు. వాణ్ణి కొట్టలే. ఎట్ల కొడత? వాడు స్విచ్ఛాఫ్ చేసినప్పుడు నేను చూస్తనే ఉన్న గదా. మార్కెట్ నుంచి ఇంటికి వచ్చేదాకా బండి మీద ఇద్దరం మాట్లాడుకోలే. ఇంటికి వచ్చినంక వాడే మా అందరి ఫోన్లు తీసుకొని లాకు మీద నంబర్లు రాసిండు. మా అవ్వ బటన్ ఫోన్‌కు ఆ ఏర్పాటు లేకపోతే వెనుక చీటి అంటించి దాని మీద ప్లాస్టర్ వేసిండు. పత్తి అమ్మినంక వానికి కూడా ఒక ఫోన్ కొనిచ్చిన, పదకొండు వేలది, బిల్లుతోటి.

ఈ యాడాది మిర్చి ఆ పిలగాని ట్రాలీలనే వేసినం. ఫోన్ చేస్తే రెండో రింగుకే ఎత్తిండు. చెప్పిన టైముకు చీకట్లనే చేను కాడికి వచ్చిండు. బస్తాలు మావోడే ఎత్తించిండు. పాత ముచ్చట ఇద్దరూ తియ్యలే. కిరాయి మాత్రం ఒక్క రూపాయి కూడా తగ్గియ్యలే.